సీతారాండేరాలో పాట వినే మూడు తరాలు

పాట చెడిపోయినదని పెద్దలు వాపోవడం, పెద్దల పాట సాగదీతగా ఉన్నదని పిన్నలు విసుగుకోవడం ప్రతి తరంలోను వినవచ్చే మాటలే. ఈ వివాదాన్ని మనం సాధారణంగా అభిరుచికి సంబంధించినదిగా ఎంచుతాము. ఒకరికి త్యాగరాజ కృతి, ఒకరికి రంగస్థల పద్యం, ఒకరికి సినిమా పాట, మరొకరికి అంతకంటె కొత్తదేదో రుచిస్తుందని సరిపెట్టుకొంటాము. కాని అభిరుచి కంటె ముందున్న విషయం ఒకటి ఉన్నది. పాటను ఎక్కడ కూర్చుండి విన్నాము? ఎవరితో కలిసి విన్నాము? దానిని ఎన్నుకొన్నది మనమా, మరొకరా? దాని కోసం మనం కాచుకొన్నామా, అది మన కోసం కాచుకొని ఉన్నదా? తరాల నడుమ అసలైన ఎడం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. తెలుగునాట ఉన్నవారికి ఈ ఎడం ఒక ముచ్చట మాత్రమే కావచ్చు. తెలుగు అక్షరం కంటబడని చోట పిల్లలను పెంచుకొనేవారికి అది భాషకు సంబంధించిన సంగతి. అందువల్లనే జంషెడ్‌పూర్ నగరంలోని సీతారాండేరాను ఉదాహరణగా తీసుకొంటున్నాను.

సీతారాండేరా సాక్చి బజారుకు సమీపంలో ఉన్న పేట. అగ్రికో, భుయ్యాడీ దాని ఇరుగుపొరుగు పేటలు. ఆవల సువర్ణరేఖ నది. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సాక్చి గ్రామంలో కర్మాగారం కట్టి 1912లో తొలి ఉక్కు దిమ్మెను తీసినది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం సీమల నుంచి పనికోసం బయలుదేరినవారు బెంగాల్ నాగపూర్ రైలుమార్గాన ఖరగ్‌పూర్ చేరి, అక్కడ బండి మారి టాటానగర్‌లో దిగేవారు. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడక్కడ ఉన్నారు. 2000 సంవత్సరం వరకు ఆ నేల బీహారులోనిది, ఆ తరువాత జార్ఖండ్‌లోనిది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది. శ్రీరామనవమికి, ఇతర ఉత్సవాలకు తెలుగువారు అక్కడ కూడుతారు. తక్కిన దినాలలో చుట్టుప్రక్కల మాట హిందీ, బంగాళీ, ఒడియా, హో, సంతాలీ. పిల్లలలో ఎక్కువమంది హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకొంటారు. తెలుగు వారికి కంటితో వచ్చిన భాష కాదు, చెవితో వచ్చిన భాష.

మొదట వచ్చినవారు తమవెంట తెచ్చుకొన్న వినికిడి ఎటువంటిది? ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాళ్లకు గజ్జెలు కట్టి హరికథ చెప్పిన సీమ వారిది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులైనది దాసుగారే. తరువాత ఆ పీఠం ద్వారం వేంకటస్వామినాయుడుగారిది. విద్వాంసుల మాట అటుంచినా, పల్లెలో జముకుల కథ ఉన్నది, తప్పెటగుళ్లు ఉన్నవి, పద్యనాటకం ఉన్నది. ఇవన్నీ రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారేదాకా సాగేవి. వినేవాడు మధ్యలో కునుకు తీసేవాడు, లేచి మళ్లీ అందుకొనేవాడు, నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’ అని కేక పెట్టేవాడు. అంటే పాటను ఆపి తిరిగి పాడించుకొనే హక్కు అప్పుడును ఉన్నది. అది ఒక మీటను నొక్కే వేలిది కాదు, సభదంతటిది. ఒక్కడి కేక చాలదు. నలుగురు అందుకొంటేనే నటుడు మళ్లీ రాగం ఎత్తేవాడు.

ఇటువంటి చెవులతో వచ్చిన మనిషికి ఉక్కు నగరంలో మొదట ఎదురైనది గడియారం. టాటా కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలులో పెట్టినది. కార్మిక చరిత్రలో అది గొప్ప మాట. అయితే కొలిమి చల్లారదు గనుక ఇరవైనాలుగు గంటలను మూడు షిఫ్టులుగా పంచుకోవలసి వచ్చినది. ఒకే వరుసలోని ఇళ్లలో ఒకరు పనికి పోతుంటే ఒకరు తిరిగి వస్తుంటారు, ఇంకొకరు పట్టపగలు తలుపులు మూసుకొని నిద్రపోతుంటారు. అందరికీ ఒకే రాత్రి లేని చోట రాత్రంతా జరిగే కథకు సభ ఎక్కడినుంచి వస్తుంది? పండుగలకు మాత్రమే అది సాధ్యం. తక్కిన దినాలకు యంత్రం కావలసి వచ్చినది.

ఆ యంత్రం గ్రామఫోను. మన దేశంలో దాని కథ 1902లో కలకత్తాలో మొదలైనది. పది అంగుళాల పళ్లెం ఒక్కొక్క వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే తిరిగేది. ఆ మూడు నిమిషాలలో ఇమడడానికి ఆలాపన కురచ అయినది. పద్యం చివర నటుడు తీసే దీర్ఘమైన రాగం తెగినది. రంగస్థలం మీద పద్యం విన్న పెద్దలకు రికార్డు పద్యం మొండెమువలె తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. అమెరికాలో సౌసా అనే బ్యాండు విద్వాంసుడు 1906లోనే ఈ యంత్రసంగీతం వల్ల ఇంటింటా పాడుకొనే అలవాటు నశిస్తుందని వ్యాసం వ్రాశాడు. ఆయన భయం వట్టిది కాదు. పూర్తిగా నిజమూ కాలేదు. రికార్డులు విని పద్యాలు నేర్చుకొన్నవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. యంత్రం ఒక గొంతును మాన్పించి ఇంకొక గొంతుకు గురువైనది.

ఇక రేడియో. ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు రేడియోను గూర్చి కొంత ఎక్కువ చెప్పక తప్పదు. ఇప్పుడు డెబ్బది, ఎనుబది ఏండ్ల వయసులో ఉన్నవారి చెవులను తీర్చిదిద్దినది అదే. తెలుగు కార్యక్రమాలకు 1938లో మొదలైన మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ కేంద్రం, 1963 నుంచి విశాఖపట్నం కేంద్రం ఆధారాలు. జంషెడ్‌పూర్ వీటన్నిటికీ దూరం. మధ్యతరంగాలను పగటిపూట వాయుమండలంలోని ఒక పొర పీల్చివేస్తుంది. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆ పొర సన్నగిల్లగా తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వంగి, వందల మైళ్ల ఆవల నేలకు దిగుతవి. అందువల్ల పగలు పలుకని తెలుగు కేంద్రం రాత్రివేళ పలికేది. గరగరమంటూ, వేరొక కేంద్రపు పాటతో కలగాపులగమై, అలవలె ఒకసారి దగ్గరకు వచ్చి ఒకసారి వెనుకకు పోతూ పలికేది. ఆ చప్పుడులోనుంచి తెలుగు మాటను ఏరుకోవడం ఒక విద్య. వినబడినంత విని, వినబడని భాగాన్ని జ్ఞాపకంతో పూరించుకొనేవారు. ఈనాటి పిల్లవాడు ఒక్క క్షణం గరగరను సహించడు. తాత ఆ గరగరలోనే ఇంటివైపు గాలిని విన్నాడు.

స్పష్టంగా వినబడేది హిందీ. దానికీ ఒక కథ ఉన్నది. 1952లో సమాచారశాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు శ్రోతల రుచిని చెరుపుతవని తలచి ఆకాశవాణిలో వాటిని అణచివేశారు. శ్రోతలు వెంటనే రేడియో సిలోనువైపు ముల్లు త్రిప్పారు. ఆ సంవత్సరమే అక్కడ అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైనది. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించి ప్రభుత్వమే సినిమా పాటను ఇంటికి పిలువవలసి వచ్చినది. పాటను ఎట్లా వినవలెనో పై తరం క్రింది తరానికి చెప్పడం ఇళ్లలో జరిగే పనే. ఇక్కడ ఒక మంత్రిత్వశాఖ ఆ పనికి పూనుకొన్నది. ఇంటిలో తండ్రికి దక్కిన ఫలితమే దానికీ దక్కినది. అయితే ఆ పట్టుదలవల్ల తెలుగుకు ఒక లాభం కలిగినదని మరువరాదు. సినిమా పాటకు బదులుగా ఆకాశవాణి లలితగీతాన్ని పోషించినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, బాలాంత్రపు రజనీకాంతరావుగారు వంటివారు చెవికోసమే వ్రాయడానికి అవకాశం కలిగినది. విజయవాడ భక్తిరంజని తెల్లవారుజామున ఎన్ని ఇళ్ల గాలిలో తెలుగును నింపినదో చెప్పలేము.

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమాలలో ఝుమ్రీ తలైయా అనే ఊరి పేరు ఎడతెగకుండా వినిపించేది. అది ఇప్పటి జార్ఖండ్‌లో కోడర్మా జిల్లాలోని చిన్న పట్టణం. అక్కడివారు వ్రాసినన్ని కోరికల ఉత్తరాలు మరెవరూ వ్రాయలేదని దేశమంతటా ప్రసిద్ధి. నాకు ఇందులో వింతగా తోచేది ఉత్తరాల సంఖ్య కాదు. సీతారాండేరాలో ఒక తెలుగు ఇంట వినబడిన పాట ఝుమ్రీ తలైయాలోని ఎవరో ముక్కుమొగమెరుగని మనిషి కోరుకొన్నది! తన కోరిక ఎప్పటికి నెరవేరుతుందో అతనికి తెలియదు. తమకు ఏ పాట రాబోతున్నదో వీరికి తెలియదు. ఇష్టం లేని మూడు పాటలను దాటితే గాని ఇష్టమైన పాట చేతికి రాదు. ఆ మూడును చెవిలో పడేవి, కొన్నేండ్లకు అవియును ఇష్టమయ్యేవి.

ఈ సామూహిక శ్రవణాన్ని బంగారు కాలమని పొగడడానికి నాకు నోరు రాదు. కార్మికుల వసతి ఇల్లంటే ఒకటి రెండు గదులు. రేడియో ఎత్తున ఒక బల్లమీద ఉండేది, దాని ముల్లు ఇంటి యజమాని చేతిలో ఉండేది. ఆయన వార్తలు వింటే అందరూ వార్తలే వినవలెను. వంటగదిలోని ఇల్లాలు పాటను గోడ వెనుకనుంచి, గిన్నెల చప్పుడు నడుమ వినేది. పల్లవి చెవిన పడినప్పుడు పొయ్యి మీద పాలు పొంగేవి, చరణం ఎవరికో పోయేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన అన్న నిద్రపోతుంటే చెల్లెలు ధ్వని తగ్గించి, చెవి రేడియోకు ఆనించి కూర్చుండేది. కలిసి వినడమనే దానిలో ఎవరో ఒకరు వినకుండా పోవడమూ, ఎవరో ఒకరు నిద్ర పోగొట్టుకోవడమూ ఇమిడి ఉన్నవి. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని తన ఇష్టం వచ్చిన పాట వింటూ అంట్లు తోముకొనే ఈనాటి కోడలిని చూసి ఆ అత్తగారు అసూయపడితే అది న్యాయమైన అసూయ.

ముల్లును యజమాని చేతినుంచి విడిపించినది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దానిని 1963లో తెచ్చినా, మన మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చేసరికి ఇరవై ఏండ్లు పట్టినది. ప్రవాసికి క్యాసెట్టు చేసిన మేలు రేడియో చేయలేదు. సెలవులకు ఊరు వెళ్లినవారు విశాఖపట్నంలోనో విజయనగరంలోనో కొన్నవి చీరల మడతల నడుమ పెట్టుకొని రైలులో తెచ్చుకొనేవారు. ఘంటసాలగారు 1974లో మరణించడానికి ముందు పాడిన భగవద్గీత, 1963లో రికార్డైన సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం, పౌరాణిక నాటక పద్యాలు ఆ విధంగా రాత్రి తరంగాలమీద ఆధారపడకుండా ఇంటికి చేరినవి. ఖాళీ క్యాసెట్టు ఇస్తే కోరిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు వెలిసినవి. ఇప్పుడు యాభై, అరవై ఏండ్లవారి యౌవనం అది. వారి వినికిడి తండ్రులవలె పూర్తిగా సామూహికం కాదు, కొడుకులవలె పూర్తిగా ఏకాంతమూ కాదు. టేపురికార్డరు ఎవరిదైనా పాట గదంతటిది.

జపానులో సోనీ కంపెనీ 1979లో వాక్‌మన్ తెచ్చినప్పుడు ఆ యంత్రానికి రెండు చెవి తీగలు తగిలించడానికి రెండు రంధ్రాలు పెట్టారు. మరొకరు దగ్గరనుండగా ఒక్కడే వినడం అమర్యాదగా ఉంటుందని కంపెనీ పెద్ద అకియో మోరీటాకు అనిపించినదట. తరువాత వచ్చిన వాటిలో రెండవ రంధ్రం నిలువలేదు. వినికిడి చరిత్రలో చిన్న సంగతే; కాని ఒక తరం ముగిసిన చోటు ఇదీ అని చూపమంటే నేను ఆ మూసుకుపోయిన రంధ్రాన్ని చూపుతాను.

2016 సెప్టెంబరులో జియో రాకతో ఫోనులో పాట దాదాపు ఉచితమైనది. దీనిని గూర్చి పెద్దలు చెప్పే ఫిర్యాదులు అందరికీ తెలిసినవే, వాటిని మళ్లీ వల్లించను. సీతారాండేరాలోని కుర్రవాడికి ఈనాడు అందుతున్న తెలుగు పాటలో నూరవవంతైనా వాడి తాతకు అందలేదు. నిన్న హైదరాబాదులో విడుదలైన పాట ఇవాళ వాడి చెవిలో ఉన్నది. కావలెనంటే ఎనుబది ఏండ్లనాటి రికార్డు కూడా ఉన్నది. గరగర లేదు, కాచుకోవడం లేదు, రాత్రి కానవసరం లేదు. ఇన్ని ఉండి కూడా ఇంటిలో తెలుగు తగ్గుతున్నదని ఆ ఇంటివారే అంటారు. అదెట్లాగో విచారింపవలసి ఉన్నది.

నేనెరిగిన ఒక ఇల్లు ఆ పేటలోనే ఉన్నది. తాత రోలింగు మిల్లులో ముప్పది ఏండ్లకు పైగా పనిచేసి విరమించినవాడు. ఆయన పాట పెడితే వీధి చివరకు వినబడుతుంది. మనవడు పక్కగదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఉంటాడు. కొత్త పాట ఒకటి వినిపించగా తాత అన్నమాట ఇది: “పాట బాగానే ఉందిరా బాబూ, మాటలేటో తెలీట్లేదు.” ఇంటివారు దీనిని ముసలివారి చాదస్తంగా కొట్టివేశారు. కాని ఆయన చెప్పినది అక్షరాలా నిజం.

వయసు పైబడినకొలది చెవి మొదట హెచ్చు స్థాయి ధ్వనులను కోల్పోతుంది. మిల్లు రొదలో ఏండ్ల తరబడి పనిచేసినవారికి ఈ నష్టం ముందుగానే, మరింత గాఢంగా కలుగుతుంది. 85 డెసిబెల్స్ ధ్వనిలో ఎనిమిది గంటలకు మించి ఉండరాదని, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్ హెచ్చుకు ఆ వ్యవధి సగమవుతుందని వినికిడి నిపుణుల లెక్క. భాషలో అచ్చులకు బలం తక్కువ స్థాయిలో ఉంటుంది. స, శ, చ, త, ప వంటి హల్లుల ఆనవాళ్లు హెచ్చు స్థాయిలో ఉంటవి. కనుక చెవి మందగించినవానికి అచ్చులు మిగిలి హల్లులు పోతవి. తెలుగు అజంతభాష, అచ్చుమీద సాగే రాగం ఆయనకు చక్కగా వినబడుతుంది. యతిప్రాసల మెరుపు, అనుప్రాస, ఒక మాటను ఇంకొక మాటనుంచి వేరుచేసే గీటు మాయమైపోతవి. పాత పాటలో ఆ లోటు ఆయనకు తెలియదు. మాటలు కంఠస్థం గనుక జ్ఞాపకం హల్లులను అందిస్తుంది. పైగా ఆనాటి రికార్డింగులో గాయకుడు మైకుకు దగ్గరగా, వాద్యాలు వెనుకగా ఉండేవి. ఇప్పటి పాటలో ఒక్కొక్క ధ్వనిని విడిగా పట్టి తరువాత కలుపుతారు. గొంతు పలు పొరలలో ఒక పొర. ఇయర్‌ఫోను పెట్టుకొన్న పడుచు చెవికి అన్ని పొరలు విడివిడిగా అందుతవి, తాతకు డప్పు అందుతుంది. “ఈకాలం పాటలో సాహిత్యం లేదు” అనే తీర్పులలో సాహిత్యవిమర్శ ఎంతో, చెవి వైద్యం ఎంతో తేల్చుకోవడం అవసరమని రచయితలకు మనవి చేస్తున్నాను. మనవడి చెవులు క్షేమమని కూడా అనలేము. ఇయర్‌ఫోన్ల హోరు, సంగీతశాలల హోరు వల్ల నూటపదికోట్లమంది యువజనుల వినికిడికి ముప్పున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించినది. తాత మిల్లులో పోగొట్టుకొన్నది మనవడు పాటలో పోగొట్టుకొంటాడేమో.

ఇంతకూ పాట మనలో ఎప్పుడు నాటుకొంటుంది? హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1989లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, మనుషులకు అన్నిటికంటె ప్రియమైన పాటలు తమకు ఇంచుమించు ఇరవైమూడు ఇరవైనాలుగేండ్ల ప్రాయంలో వచ్చినవి. ఎవరి యౌవనం వారికి గాంధర్వం. ఇందులో మనకు వింత లేదు. కారొల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రకటించిన పరిశోధనలో ఉన్న సంగతి దీనికంటె లోతైనది. ఇరవై ఏండ్ల పిల్లలకు వేర్వేరు దశాబ్దాల పాటలు వినిపించి చూడగా, తమ కాలపు పాటలతోపాటు, తల్లిదండ్రుల యౌవనంలోని పాటలతో కూడా వారికి గాఢమైన జ్ఞాపకాలు ముడిపడి ఉన్నట్లు తేలినది. అంతకు ముందటి తరానివైన 1960వ దశకపు పాటలలో కూడా ఆ జాడ కొంత కనబడినది. ఆ పిల్లలు పుట్టకముందటి పాటలవి. పసితనంలో ఇంటిలో పెద్దలు వింటుండగా చెవిన పడడమే దీనికి కారణమని వారి ఊహ.

సీతారాండేరాకు ఈ ఊహ అక్షరాలా వర్తిస్తుంది. నేను చెప్పిన ఇంటి కుర్రవాడికి తెలుగు చదవడం రాదు. కాని గీతలోని తెలుగు తాత్పర్యాలు కొన్ని ఘంటసాల గొంతు ఒరవడితో సహా అప్పగిస్తాడు. ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవలెనని వాడు అనుకోనూ లేదు. తాత ఉదయం పెట్టేవాడు. వాడు బూట్లు తొడుక్కొంటూ, అమ్మతో పోట్లాడుతూ ఉండేవాడు. అటువంటి మాటలు ఆ ఇంటిలో మరి ఏ దారిన ప్రవేశించగలవు? వాడి చెల్లెలు ఏడేండ్లు చిన్నది. ఆమెకు ఊహ తెలిసేసరికి ఇంటిలో తలా ఒక ఫోను, తాతకు కూడా చెవికి పెట్టుకొనే యంత్రం వచ్చినవి. ఆమె వినే తెలుగు పాటలు అన్నకంటె ఎక్కువే. అవన్నీ ఆమె ఎన్నుకొన్నవి, అనగా ఆమె వయసువి. పొరపాటున చెవిన పడిన తెలుగు ఆమెకు లేదు. మనిషి తాను ఎరిగినదానినే ఎన్నుకొనగలడు. ఎరుగనిది ఎవరో ఒకరు వింటుంటే గాలిలో రావలసినదే. యంత్రం వరుసగా అందించే పాటలుకూడా ఆమె ఇదివరకు విన్నవాటి పోలికలే. అక్కడ ఝుమ్రీ తలైయా లేదు.

ఇది ఇంటి లోపలి మాట. గోడ ఆవలి మాట కూడా ఉన్నది. వీధిలో అందరూ బాహాటంగా విన్న రోజులలో తెలుగు ఇంటివారికి మకర సంక్రాంతి ముందు టుసు పాటలు, ఛఠ్ పండుగనాడు ఆడవారి పాటలు, హో వారి మాగే పండుగ మద్దెల తెలుసు. పొరుగు హో కుటుంబంలోని పిల్లవాడు ‘నమో వేంకటేశా’ అనే పాటను అర్థం తెలియకనే ఈలవేసేవాడు. పండుగలలో ఈ రాకపోకలు నేటికీ ఉన్నవి, లౌడుస్పీకర్ల హోరు మరింత హెచ్చినది కూడా. తగ్గినది పండుగ కాని దినాలలో కిటికీగుండా వచ్చే పాట.

పెద్దల ఏకాంతాన్ని కనిపెట్టిన వ్యాపారులు 2017లో కారవాన్ అనే పెట్టెను తెచ్చారు. పాత రేడియో వాలకంతో, ఐదువేల పాటలను ముందుగానే నింపి పెట్టినది. పిల్లలు తల్లిదండ్రులకు దానిని కానుకగా కొన్నారు. అది బాగా చెల్లడానికి కారణం పాటలు కాదని నా ఊహ. అవి ఫోనులోనూ ఉన్నవి. తెరమీద వెదుకనక్కరలేకుండా మీట త్రిప్పితే ఏదో ఒకటి రావడం, ఏది వస్తుందో తెలియకపోవడం వారికి కావలసినవి. ఇరవై ఏండ్లవాడు దానిని అసౌకర్యమంటాడు.

ఈ పత్రిక చదివేవారు రచయితలు గనుక ఒక చిన్న విషయం కూడా ప్రస్తావిస్తాను. 1902లో గౌహర్ జాన్ తన రికార్డుల చివర తన పేరు తానే గట్టిగా చెప్పినది. దూరదేశంలో పళ్లెం అచ్చువేసేవాడికి చీటీమీద ఏ పేరు వ్రాయవలెనో తెలియాలి గదా. రేడియోలో ప్రతి పాటకు ముందో వెనుకో రచన ఎవరిదో, స్వరకల్పన ఎవరిదో, పాడినవారెవరో చెప్పేవారు. సీతారాండేరా తాతకు తెలుగు కవుల పేర్లు ఇరవైకి తక్కువ కాకుండా తెలుసు. వారి పుస్తకం ఒకటీ చూడలేదు. మనవడి ఫోనుమీద సినిమా పేరు, గాయకుడి పేరు, నటుడి బొమ్మ కనబడుతవి. కవి పేరు ఉంటే మరొక పొర లోపల ఉంటుంది. వెదికేవాడికి తప్ప కనబడదు. ఉన్నచోటనైనా రోమను లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. అక్షరం రాని శ్రోతకు కవిని పరిచయం చేసిన గొంతు ఆగిపోయినది. దాని స్థానంలో వచ్చిన అక్షరం మన అక్షరం కాదు.

మొన్న ఒక సాయంకాలం ఆ ఇంటికి వెళ్లినప్పుడు తాత తన పడుచుదనంలో రాత్రిపూట రేడియోలో విన్న లలితగీతం ఒకటి కావలెనన్నాడు. పల్లవి సగం గుర్తున్నది, కవి పేరు పూర్తిగా గుర్తున్నది. మనవడు ఇంగ్లీషు అక్షరాలతో ఆ పేరును నాలుగు రకాలుగా వ్రాసి చూశాడు, దొరకలేదు. “నోటితో చెప్పు తాతా, అదే వింటది” అని ఫోను ఆయన ముందు పెట్టాడు. తాత తన శ్రీకాకుళం యాసలో, రాగంతో సహా, సగం పల్లవి పాడాడు. యంత్రం ఆలోచించి వేరొక పాట తెచ్చినది. చెవియంత్రం సవరించుకొని ఆయన “ఇది కాదు, కాని ఉండనీ” అన్నాడు. మనవడు ఇయర్‌ఫోను తీగను ఫోనునుంచి ఊడదీశాడు. వంటగదిలోనుంచి కోడలు వచ్చి గుమ్మంలో నిలుచున్నది. ఆ పాట అయిపోయిన తరువాత దాని వెనుక మరొకటి వచ్చినది. దానిని కూడా ఎవరూ ఆపలేదు.